ఇల్లు వెళ్ళిపోయిన చోటు

కాస్త్రోలో, రేవుకి దిగే వీధిలో
నాదొక చీకటి గది.
ఇరవై రెండేళ్ళుగా పరాయివాళ్ళ పెళ్ళిళ్ళు కడుగుతున్నాను,
పరాయివాళ్ళ పసిపిల్లల్ని తీగ మీద ఆరేస్తున్నాను.
వేళ్ళకి మందు వాసన. రొట్టె తుంచినా అదే.

నోల్ఫా బర్రియా బుధవారాల్లో వచ్చేది.
తడిసిన ఉన్నికోటు తలుపు దగ్గరే విప్పి
ఒకే ఒక్క రీలు బల్ల మీద పెట్టి
"తొందరేం లేదు" అనేది.
ఆ మాట అన్న మనిషిని
ఈ వ్యాపారంలో నేనింకొకర్ని చూళ్ళేదు.

ఆ ఏడు లెముయ్ దీవిలో సులేమా చిగ్వాయ్ ఇల్లు లాగారు.
మా దగ్గర ఇల్లు మారడమంటే
ఇల్లే మారడం.
సముద్రం గట్టుని కొరుక్కు తింటోంటే
కింద దుంగలు దూర్చి, ఎనిమిది జతల ఎద్దుల్ని కట్టి
ఊరంతా ఒక్క గొంతుతో అరుస్తూ
గోడలూ కప్పూ కిటికీ తెరలతో సహా
గుట్ట మీదికి లాక్కుపోతారు.
కూలి ఎవరూ అడగరు.
సాయంత్రం కడుపు పట్టినంత తిండి, ఆపిల్ కల్లు.

ఎద్దులకంటే కెమెరాలే ఎక్కువొచ్చాయి,
శాంతియాగో నుంచి, ఇంకా ఎక్కణ్ణించో.
వారం పాటు నా తొట్టెల్లో ఎద్దులే ఈదాయి.
నురగ కక్కే ఎద్దు. మోకాళ్ళ మీద పడ్డ ఎద్దు.
కదిలే ఇంటి కిటికీలో
కదలని పిల్లి.
మంచి బొమ్మలే. అబద్ధమెందుకు,
ఒకటి నేనే గోడకి తగిలించుకున్నాను.

నోల్ఫా రీలు కడిగితే
ముప్పై ఆరింటిలోనూ గడ్డి.
గడ్డి మధ్యలో ఇల్లంత మేర పాలిపోయిన నేల,
కట్టు విప్పిన చోట చర్మంలా.

మరుసటి నెలా అదే. ఆ పై నెలా.
వానలో, పొగమంచులో, వాన వెలిసిన ఆ పావుగంటలో,
స్టాండు కాళ్ళు దిగబడ్డ అవే మూడు గుంటల్లోంచి.
"ఎవరు కొంటారమ్మా దీన్ని?" అన్నానోసారి.
"ఎవరూ కొనరు" అంది.
బడిపిల్లల్ని వరసల్లో నిలబెట్టి తీసిన ఫొటోల డబ్బులోంచి
లెక్కపెట్టి నా చేతిలో పోసింది.
చిల్లర మాత్రం వదల్లేదు.

రెండో ఏడుకి నాకూ పట్టుకుంది ఆ పిచ్చి.
నలుపు తెలుపులో పచ్చదనం కనపడదు.
బూడిదరంగు ఒక మెట్టు దిగుతుంది, అంతే.
ఆ మెట్టు కోసం
ఎర్రదీపం కింద కాగితాన్ని ఊపుతూ
ఊపిరి బిగబట్టేవాణ్ణి.
కుడిచేతి మూలలో జానెడు నేల మాత్రం
ఎందుకో మొండికేసింది.
ఈ బుధవారమైనా మొలుస్తుందా అని
మా ఆవిడ కూడా అడగడం మొదలెట్టింది.

నాలుగో శీతాకాలం చివర
మూలా మొలిచింది.
ఇక ఆ బొమ్మలో ఏమీ లేదు.
ఎక్కడైనా ఉండే గడ్డి,
వెనక ఒక కంచె, కంచె అవతల నీళ్ళు.

ఆ వారం నోల్ఫా ఒక్కతే రాలేదు.
పడవ దిగి నేరుగా వచ్చినట్టుంది సులేమా,
బుట్టలో బంగాళాదుంపలు, గోళ్ళ నిండా మట్టి.
కళ్ళజోడు తెచ్చుకోలేదు.
ఆరీ ఆరని బొమ్మని ముక్కు దాకా తెచ్చుకుని
చాలాసేపు చూసింది.
తర్వాత వేలు పెట్టింది.

"పొయ్యి ఇక్కడ.
మంచం ఇదిగో, ఈ వార.
ఆయన బూట్లు ఇక్కడ విప్పేవాడు,
ఎంత మొత్తుకున్నా గడప లోపలే.
ఇక్కడేమో..."
వేలు ఆగింది.
ఏముండేదో చెప్పలేదు.
మేం అడగలేదు.
బయట బస్సు ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది.

బొమ్మంతా మట్టి మరకలు.
కొత్తది తీసిస్తానన్నాను, నిమిషాల పని.
నోల్ఫా వినలేదు,
ఆ మరకలున్నదాన్నే గుడ్డలో చుట్టి పట్టుకుపోయింది.
దుంపలు నాలుగు బల్ల మీద మిగిలాయి, నా కూలికి.

నెగటివ్ నా దగ్గరే ఉంది.
అందులో పొయ్యి లేదు.
భూతద్దం పెట్టి మరీ వెతికాను.